తల అరిగిన స్క్రూ

ఈ హాస్టల్లో చదివిన ప్రతి ఒక్కరికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. గది తలుపు బందు ఊగుతుంటుంది. ఎవరి దగ్గరో ఒక స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చి బిగించబోతాం. డ్రైవర్ జారుతుంది. ఇంకా కోపంగా తిప్పుతాం. స్క్రూ తల గుండ్రంగా అరిగిపోతుంది. ఇక అది బిగియదు, ఊడి రాదు. స్క్రూ పాడైందని మనం అంటాం గానీ, నిజానికి పాడుచేసింది మనమే.

ఈ సంగతి మాకు ఇంటి దగ్గర తెలిసింది. మేము అన్నదమ్ములం ఇద్దరం ఇక్కడే చదువుకున్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూడటం మాతోనే మొదలు. పోయిన దసరా సెలవులకు వెళ్ళేసరికి అమ్మ కుట్టు మిషన్ గుడ్డను ముందుకు నెట్టడం లేదు. సద్దుల బతుకమ్మకు ఇంకా నాలుగు రోజులే ఉంది. పదకొండు జాకెట్లు కుట్టాలి. మా పుస్తకాలకూ బస్సు చార్జీలకూ ఇన్నేళ్ళూ డబ్బులిచ్చింది ఆ మిషనే.

పని చిన్నదే. సూది కింద ఉండే ప్లేటు విప్పి, పళ్ళ మధ్య గట్టిపడిన నూలు పొట్టు తీసేస్తే చాలు. ప్లేటుకు రెండు గాడి స్క్రూలు. డ్రైవర్ కనపడకపోతే మేము కూరగాయల కత్తి పెట్టి తిప్పాం. ఒకటి వచ్చింది. రెండోదాని గాడి అంచులు రెండూ చెక్కుకుపోయాయి. అమ్మ చూసి "గింత సదువు సదివి కత్తితోని తిప్పుతర్రా?" అంది. టార్క్ గురించి పరీక్షలో పది మార్కులకు రాసినవాళ్ళం, నోరెత్తలేదు.

తమ్ముళ్ళూ, ముందుగా చెప్పాల్సింది ఇదే. మొదటిసారి జారగానే ఆగండి. సగం అరిగిన స్క్రూను తీయడానికి పది దారులుంటాయి, పూర్తిగా అరిగినదానికి ఒకటో రెండో.

స్టార్ స్క్రూ ఎందుకు అంత తొందరగా అరుగుతుందో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ 1936లో పేటెంట్లు పొందిన రకం అది. దాని గుంట గోడలు నిటారుగా కాక వాలుగా ఉంటాయి. అందువల్ల బలంగా తిప్పినకొద్దీ డ్రైవర్ పైకి ఎగదన్నుకుంటుంది. కాబట్టి మన బలం రూపాయి అనుకుంటే బారాణా నొక్కడానికి, చారాణా తిప్పడానికి వాడాలి. మనం చేసేది తలకిందులు. డ్రైవర్ సైజు కూడా సరిపోవాలి. ఇళ్ళలో కనిపించే స్టార్ స్క్రూలకు ఎక్కువగా 2వ నంబరు మొన పడుతుంది. సన్న మొనతో పెద్ద స్క్రూ తిప్పితే అరగక ఏమవుతుంది?

తలుపు బందుల దగ్గర మేము ప్రయత్నించి ఫలితం చూసినవి చెప్తాం. పాత సైకిల్ ట్యూబ్ నుంచి పల్చటి ముక్క కత్తిరించి స్క్రూ తల మీద పెట్టి, దానిమీద డ్రైవర్ ఉంచి గట్టిగా నొక్కి మెల్లగా తిప్పాలి. కొద్దిగా అరిగినదానికి ఇది చాలు. తల పైకి తేలి ఉంటే కటింగ్ ప్లేయర్‌తో పక్కల పట్టుకుని తిప్పవచ్చు, లేదా హాక్సా బ్లేడుతో తలమీద అడ్డంగా కొత్త గాడి కోసి ఫ్లాట్ డ్రైవర్ వాడవచ్చు. ఏదీ కుదరకపోతే చేతి డ్రిల్లుతో తల ఎగరగొట్టి, బందు తీశాక మిగిలిన కాడను ప్లేయర్‌తో తిప్పి లాగడమే. వదులైన కంతలో ఫెవికాల్ రాసిన అగ్గిపుల్లలు దిగ్గొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, పైకి మిగిలినవి విరిచేసి బిగిస్తే స్క్రూ మళ్ళీ పట్టుకుంటుంది. స్విచ్ బోర్డు స్క్రూ అయితే మాత్రం మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టొద్దు.

మిషన్ దగ్గర ఇవేవీ పనికిరాలేదు. స్క్రూ తల ప్లేటులోకి సమంగా దిగి ఉంటుంది, ప్లేయర్‌కు అందదు. హాక్సా పెడితే ప్లేటు మీద గీత పడుతుంది, ఆ గీతకు పట్టుచీర జాకెట్ గుడ్డ తగులుకుని దారం లేస్తుంది. మిషన్ తల బస్సులో వేసుకుని పట్నం పోదామంటే, పండుగ ముందు రిపేరు షాపుల్లో వరసలో ఎన్ని మిషన్లుంటాయో అమ్మకు తెలుసు.

ఆ సాయంత్రం సూదీ పాదమూ తీసి పక్కన పెట్టి, స్క్రూ చుట్టూ మిషన్ ఆయిల్ రెండు చుక్కలు వేసి వదిలేశాం. తుప్పులోకి నూనె దిగాలంటే గంటలు పడుతుంది, మన తొందరతో దానికి పనిలేదు. పొద్దున్నే పక్కింటి ఎలక్ట్రీషియన్ అన్న దగ్గర సోల్డరింగ్ ఐరన్ అడిగి తెచ్చాం. పైనున్న నూనె శుభ్రంగా తుడిచి, వేడి మొనను స్క్రూ తలమీద రెండు నిమిషాలు ఆనించాం. ఇనుము వేడికి సాగి, చల్లారి ముడుచుకునేటప్పుడు తుప్పు పట్టు వదులుతుంది. తుడవకుండా వేడిచేస్తే పొగ, ఆపైన మంట. తర్వాత మళ్ళీ ఒక చుక్క నూనె.

ఈసారి డ్రైవర్ తెచ్చుకున్నాం. దాని మొన గాడిలో కదులుతోంది. ఆకురాయితో రుద్ది రుద్ది గాడి నిండా, ఊగకుండా కూర్చునేట్టు చేశాం. అరగంట పట్టింది. మొత్తం పనిలో అదే ముఖ్యమైన అరగంట అని మా నమ్మకం. డ్రైవర్ నిలబెట్టి సుత్తితో నెమ్మదిగా రెండు దెబ్బలు కొట్టి, ముందు బిగించే వైపు వెంట్రుక వాసి తిప్పాం. అప్పుడు వదిలే వైపు తిప్పాం. జారింది.

ఆగాం. గాడి అంచు ఇంకో వైపు కొద్దిగా మిగిలింది. అక్కడ గట్టి కాంక్రీట్ మేకు మొన ఏటవాలుగా ఆనించి, వదిలే దిక్కుకు సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టాం. పోత ఇనుము కదా, గట్టిగా కొడితే పగులుతుంది. తమ్ముడు కొడుతుంటే పెద్దవాడు బల్ల కదలకుండా పట్టుకున్నాడు. పదో దెబ్బకో పన్నెండో దెబ్బకో సన్నగా 'టిక్' మంది. ఆ తర్వాత గోరుతోనే వచ్చింది.

కింద ఉన్న పొట్టు ముద్ద బొటనవేలంత ఉంది. కొత్త స్క్రూలు రెండూ మిషన్ సామాన్ల కొట్లో దొరికాయి. బిగించేముందు మరకు ఒక్కో చుక్క నూనె రాశాం. పదకొండో జాకెట్ సద్దుల నాడు మధ్యాహ్నానికి పూర్తయింది. ఆకురాయి పట్టిన ఆ డ్రైవర్‌ను అమ్మ బొత్తాల డబ్బాలో దాచుకుంది, కత్తిని మాత్రం మాకు అందని చోట పెట్టింది.