సబ్‌స్టిట్యూట్: లోపలికి ఏది, బయటికి ఏది?

పోయిన సెమిస్టర్లో మా ప్రాజెక్టు వై-ఫై మాడ్యూల్ ఒకటి కాలిపోయింది. తప్పు నాదే. డయాగ్రంలో దానికి 5 వోల్టులు అని వేసుకున్నాం, అది తట్టుకునేదేమో 3.3. 5 తీసేసి 3.3 ఇమ్మని చెప్పడానికి ‘సబ్‌స్టిట్యూట్ 5 వోల్ట్స్ ఫర్ 3.3 వోల్ట్స్’ అని గ్రూపులో పెట్టినాను. మావాడు అప్పటికే తప్పు గమనించి 3.3కు మార్చేసినాడు. నా మెసేజ్ చూసి మళ్ళీ 5 ఇచ్చినాడు. డెమోకు ముందురోజు రాత్రి!

“నువ్వు రాసిందే కదరా నేను చేసింది?” అన్నాడు. డిక్షనరీ చూస్తే వాడిదే రైటు.

సబ్‌స్టిట్యూట్ వెంటనే వచ్చేది లోపలికొచ్చే వస్తువు. ‘ఫర్’ తర్వాతది బయటికి పోయేది. రీప్లేస్‌లో ఈ వరస తిరగబడుతుంది: ముందు పోయేది, ‘విత్’ తర్వాత వచ్చేది.

మా చిత్తూరు వైపు ‘ఈ పూట అన్నం బదులు సంగటి’ అంటాం. ‘బదులు’ ఎప్పుడూ పోయేదానికే అతుక్కుంటుంది. ఇంగ్లీషు ‘ఫర్’ కూడా అంతే, కాకపోతే మాటకు ముందు నిలబడుతుంది. ‘సబ్‌స్టిట్యూట్ సంగటి ఫర్ అన్నం’, ‘రీప్లేస్ అన్నం విత్ సంగటి’: రెండిట్లోనూ తట్టలో పడేది సంగటే. (సంగటిలోనూ కాస్త బియ్యం పడతాయి, అది వేరే సంగతి.)

తెలుగు మీడియంలో చదివినోళ్ళకు ఈ తికమక తక్కువ. ‘ఎక్స్ స్థానంలో 3 ప్రతిక్షేపించగా’ అని రాసిన చెయ్యి కదా! మన వ్యాకరణమైతే రెండిటికీ పేర్లే పెట్టేసింది. పోయేది స్థాని, దాని చోట కూర్చునేది ఆదేశం. తల్లి, తండ్రి కలిసి ‘తల్లిదండ్రులు’ అయినప్పుడు ‘త’ స్థాని, ‘ద’ ఆదేశం. అందుకే అది గసడదవాదేశం. ఎవరినీ తోసెయ్యకుండా వచ్చి చేరే అక్షరమైతే ఆగమం, ‘మాయిల్లు’లో ‘య’ లాగా. ఆదేశం శత్రువులాంటిది, ఆగమం మిత్రుడిలాంటిది అని పాతకాలం పంతుళ్ళు చెప్పేవాళ్ళు.

ఇంగ్లీషోళ్ళే ఈ క్రియను తిప్పేసుకున్నారనేది ఇంకో చిక్కు. ఫుట్‌బాల్ వార్తల్లో ఒక ఆటగాడు ‘వాజ్ సబ్‌స్టిట్యూటెడ్’ అంటే ఎక్కువగా బయటికొచ్చేసినట్టే. ‘సబ్‌స్టిట్యూట్’ పక్కన ‘విత్’ కనబడితే రీప్లేస్ లాగే చదువుకోవాలి. రీప్లేస్ అనాల్సినచోట సబ్‌స్టిట్యూట్ వాడతారా అని ఫౌలర్ 1926లోనే తన వాడుక నిఘంటువులో కోప్పడినాడు. ఎవరు విన్నారు?

మాడ్యూల్ కొత్తది తెచ్చుకున్నాం. ఇప్పుడు గ్రూపులో ‘5 తీసెయ్, 3.3 పెట్టు’ అని తెలుగులోనే రాసుకుంటున్నాం.