మొగిపురుగుపై చిన్న కందిరీగలు

వరినాట్లు ముగిసిన పిమ్మట ఆకుల కొనలయందు లేత గోధుమవన్నె నూగు కప్పిన గుడ్లముద్దలు కానవచ్చును. అవి మొగిపురుగువి. వారము దినములలో పిల్లపురుగులు వెలువడి కాండమును తొలుచుకొని లోనికి పోవును. ఆపైన మందు చల్లినను వానికి తగులుట కష్టము. పిలకదశలో మొవ్వు ఎండుటయు, ఈనిన పిదప గింజలేని తెల్లకంకి నిలుచుటయు ఈ పురుగు పనియే. కావున దానిని గుడ్డుగా నున్నప్పుడే అణచవలెను.

ఈ పనికి ట్రైకోగ్రామా అను కందిరీగ కలదు. కందిరీగయన భయపడనక్కరలేదు, ఇది మనుష్యులను కుట్టదు, పొడవు ఒక మిల్లీమీటరైనను ఉండదు. తల్లిరీగ పురుగుగుడ్డును పొడిచి అందు తన గుడ్డు నుంచును. దాని పిల్ల లోపలి సారమును తిని పెరుగును. పురుగుగుడ్డు నల్లబడును, ఇంచుమించు 10 దినములలో దానినుండి పురుగునకు మారుగా కందిరీగ బయటకు వచ్చును. వరికి ట్రైకోగ్రామా జపానికం, చెరకు పీకపురుగునకు ట్రైకోగ్రామా కైలోనిస్ అను రకములు వాడుదురు.

ప్రయోగశాలలలో ఈ రీగలను పెంచు తీరు వింతయైనది. ధాన్యపు కొట్లను పాడుచేయు బియ్యపు చిలుకపురుగును జొన్ననూకపై పెంచి, దాని గుడ్లను అట్టముక్కలపై జిగురుతో అంటించి కందిరీగలకు అప్పగింతురు. ఇవియే ట్రైకో కార్డులు. ఒక ఘన సెంటీమీటరు గుడ్లు గల కార్డునుండి సుమారు 20 వేల రీగలు వచ్చును. వరికి హెక్టారునకు లక్ష చొప్పున, అనగా ఎకరమునకు రెండు కార్డులు, వారమున కొకమారుగా పలుమార్లు విడువవలెనని సిఫారసు. కార్డును ముక్కలు చేసి పొలమంతట ఆకుల అడుగున గ్రుచ్చవలెను. సాయంత్రవేళ మంచిది; వాన కురియునపుడు తగదు.

కార్డు ఎరువు బస్తా వంటిది కాదు. అందున్నవి ప్రాణులు. రీగలు వెలువడవలసిన తేదీ దాటిన కార్డు వట్టి అట్టయే. పొలమున రెక్కలపురుగులు కనబడిన వారమే కార్డు చేతికి రావలెను. కావున లింగాకర్షక బుట్టలను ముందుగనే నిలిపి, కార్డులకు ముందుగనే చెప్పియుంచవలెను.

పంచాయతీ కలుగజేసుకొనవలసిన చోటు ఇదియే. ఒకరు రీగలను విడిచిన మరునాడు పొరుగువాడు పురుగుమందు చల్లినచో, గాలికి వచ్చిన మందుతోనే రీగలు చచ్చును; ఖర్చు వృథా. రీగలు దూరము ఎగురలేవు గనుక నలుగురి నడుమ ఒక్కరి ప్రయత్నము ఫలించుట అరుదు. ఒక తూము క్రింది రైతులందరు ఒకే వారమున నాట్లు వేసి, రీగలను విడుచుటకు ముందు వెనుకల ఒక వారము మందు మానుదుమని సభలో ఒప్పుకొన్నచో పని సాగును. ఐతే సుడిదోమకు ఈ రీగ పనికిరాదు. కాండములో చేరిన పురుగును అంటదు. ఈ సంగతి రైతులకు ముందే చెప్పుట మేలు, లేనిచో ఒక్క పంటతో నమ్మకము పోవును.

కార్డులు అందని గ్రామములలోను చేయదగిన పని యొకటున్నది. నాటుటకు ముందు నారుకొనలు త్రుంచునపుడు గుడ్లముద్దలు గల కొనలను కాల్చివేయరాదు. సహజముగా వచ్చిన రీగలు వానిలో ఉండవచ్చును. వానిని వెదురుబుట్టలో నుంచి, నీటిపళ్ళెము నడుమ గట్టుపై నిలిపినచో పిల్లపురుగులు చాలవరకు నీట చిక్కును, రీగలు పొలములోనికి ఎగిరిపోవును.