మూడు లక్షల గిటార్, పాతిక వేల గిటార్: తేడా ఎక్కడుంది?

మార్టిన్ డి-28 అనే అమెరికన్ గిటార్ మన దేశంలో కొనాలంటే మూడు లక్షల రూపాయలు దాటుతుంది. యమహా ఎఫ్‌జీ800 సుమారు ఇరవై నుంచి పాతిక వేలకు దొరుకుతుంది. రెండిటికీ ఆరు తీగలే. రెండూ డ్రెడ్‌నాట్ అనే వెడల్పాటి ఆకారంలోనే ఉంటాయి. పై పలక రెండిట్లోనూ అసలు సిసలు స్ప్రూస్ చెక్కే. ధర మాత్రం పన్నెండు రెట్లకు పైనే. శబ్దం కూడా పన్నెండు రెట్లు బాగుంటుందా అని అడిగితే, ఉండదు. కొంత బాగుంటుంది. ఆ కొంత ఎక్కణ్నుంచి వస్తుందో, నేర్చుకునేవాళ్లకు అందులో ఎంత అవసరమో తెలిస్తే దుకాణంలో బ్రాండ్ పేరు చూసి తడబడాల్సిన పని ఉండదు.

ముందు గిటార్ మీద ఎంత బరువు పడుతుందో చూద్దాం. ఎక్కువమంది వాడే తీగల సెట్టును 12-53 అంటారు. అందులో అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళంలో వెయ్యో వంతులు పన్నెండు, లావు తీగ మందం యాభై మూడు. శ్రుతి చేశాక ఈ ఆరు తీగలూ కలిసి దాదాపు 73 కిలోల బలంతో లాగుతాయి. ఎదిగిన మనిషి బరువంత. దాన్ని మోసేది సుమారు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న పై పలక. పలక మందంగా ఉంటే ఒంగదు కానీ సరిగా మోగదు. పలచగా ఉంటే చక్కగా మోగుతుంది కానీ కొన్నాళ్లకు ఉబ్బిపోతుంది. అందుకే లోపలి వైపు సన్నటి చెక్క బద్దలు అతికిస్తారు. ఈ బద్దల అమరికను బ్రేసింగ్ అంటారు. బలానికీ మోతకూ మధ్య ఏ కంపెనీ ఎక్కడ రాజీ పడిందన్నదే చాలావరకు ఆ కంపెనీ గిటార్ల గొంతు.

‘సాలిడ్ టాప్’ అని రాసి ఉంటే ఎందుకు ఎక్కువ డబ్బు అడుగుతారు? సాలిడ్ అంటే పై పలకను ప్లైవుడ్‌తో కాకుండా నిజమైన చెక్కతో చేశారని. సాధారణంగా ఒకే దుంగలోంచి కోసిన రెండు ముక్కలను మధ్యలో కలుపుతారు. లామినేట్ అంటే పలుచని పొరలను ఒకదానికొకటి అడ్డంగా పేర్చి జిగురుతో అతికించింది. ఆ పొరలూ జిగురూ కలిసి పలకను బిగదీస్తాయి, కంపనాన్ని కొంత మింగేస్తాయి. పది వేల దరిదాపుల్లో దొరికే యమహా ఎఫ్310కి లామినేట్ టాప్, ఎఫ్‌జీ800కి సాలిడ్ టాప్. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒకే కార్డ్ మీటితే కొత్తవాళ్ల చెవికి కూడా తేడా తెలుస్తుంది. నా లెక్కలో గిటార్ మీద పెట్టే డబ్బుకు అతి పెద్ద ఫలితం దక్కేది ఈ మెట్టు దగ్గరే. దాని పైన ప్రతి మెట్టుకూ డబ్బు పెరిగే వేగం ఎక్కువ, శబ్దం మెరుగయ్యే వేగం తక్కువ.

ఇక బ్రాండ్ల గొంతుల సంగతి. మార్టిన్ 1833లో న్యూయార్క్‌లో మొదలై, తర్వాత పెన్సిల్వేనియాలోని నజరెత్‌లో స్థిరపడింది. పై పలక మీది గుండ్రటి రంధ్రం కింద బద్దలను ఎక్స్ ఆకారంలో దాటించే పద్ధతి ఈ సంస్థ గిటార్లతోనే నిలదొక్కుకుంది, ఇప్పుడు దాదాపు అందరూ దాన్నే వాడుతున్నారు. డి-28లో కింది స్వరాలు లోతుగా, నిండుగా పలుకుతాయి. గిబ్సన్ జే-45 (1942) దీనికి భిన్నం. మీటిన శబ్దం పొడిగా, గట్టిగా వచ్చి త్వరగా తగ్గిపోతుంది. పాడుతూ వాయించేవాళ్లకు ఇది మేలు, ఎందుకంటే గిటార్ శబ్దం గొంతు మీదికి పొర్లిరాదు. పాటకు తోడుగా ఒక్క గిటారే ఎంచుకోమంటే నేను జే-45 వైపే మొగ్గుతాను. 1974లో కాలిఫోర్నియాలో మొదలైన టేలర్‌లో పై స్వరాలు స్పష్టంగా, మెరుపుగా ఉంటాయి, వేళ్లతో ఒక్కో తీగా మీటేవాళ్లకు నచ్చుతుంది. 2018లో వాళ్లు ఎక్స్ బదులు వి ఆకారపు బద్దలు తెచ్చారు. యమహా 1966లో ఎఫ్‌జీ180తో ఈ రంగంలోకి వచ్చింది. దాని గొంతు వీటన్నిటి మధ్యలో ఉంటుంది, ప్రత్యేకమైన రంగు తక్కువ. అయితే ఒకే మోడల్‌లో పది గిటార్లు తీసుకుంటే పదీ దాదాపు ఒకేలా ఉండటం దాని బలం. దూరం నుంచి తెప్పించుకునేవాళ్లకు ఈ గుణం ఎంతో విలువైనది.

వెనుక పలకకు రోజ్‌వుడ్ ఉంటే శబ్దం బాగుంటుందంటారే, దానికి అదనంగా ఇవ్వాలా? ఇక్కడ ఒక మంచి ప్రయోగం ఉంది. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరు గిటార్లు చేయించారు. వెనుక, పక్క చెక్కలు తప్ప అన్నీ ఒకటే. బ్రెజిల్ రోజ్‌వుడ్, భారతీయ రోజ్‌వుడ్, మహోగని, మేపుల్, సపేలీ, వాల్‌నట్. మసక వెలుతురులో, వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టించి 52 మంది వాద్యకారులతో వాయింపజేశారు. 2018లో వచ్చిన ఫలితాల్లో ఆరిటికీ దాదాపు ఒకే మార్కులు పడ్డాయి. ఏది ఏదో పోల్చుకోవడం వాళ్లకు కష్టమైంది. అంటే పైన చెప్పిన గొంతుల తేడాలో ఎక్కువ భాగం పై పలక, బద్దలు, ఆకారం, తీగ పొడవు ఇచ్చేదే. యమహాలోనే ఎఫ్‌జీ830 అని రోజ్‌వుడ్ వెనుక పలకతో కాస్త ఖరీదైన మోడల్ ఉంది. అందం కోసమైతే సరే, శబ్దం కోసం మాత్రం ఆ అదనపు సొమ్ము అక్కర్లేదు. మన దక్షిణాది అడవుల్లో పెరిగే రోజ్‌వుడ్ 1969 నుంచి మార్టిన్ గిటార్ల వెనుక పలకగా వెళ్తోంది. అంతకుముందు వాడింది బ్రెజిల్ చెక్క.

ఇప్పుడు చేతి సంగతి. నేర్చుకోవడం మానేసేవాళ్లలో చాలామందిని ఆపేది శబ్దం బాగోలేదన్న బాధ కన్నా వేళ్ల నొప్పే. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుదాం. మొదటి కొలత స్కేల్, అంటే మోగే తీగ పొడవు. డి-28లో అది 645 మిల్లీమీటర్లు, జే-45లో 629, ఎఫ్‌జీ800లో 650, ఎఫ్310లో 634. తీగ పొడవు తగ్గితే అదే స్వరానికి బిగువు కూడా తగ్గుతుంది, పైగా పొడవు తగ్గిన దానికి రెట్టింపు పాళ్లలో. 650 నుంచి 634కి వస్తే పొడవు రెండున్నర శాతం, బిగువు ఐదు శాతం తగ్గుతాయి. 73 కిలోల్లో అది మూడున్నర కిలోలు. చిన్న చేతుల పిల్లలకు ఎఫ్310 సులువుగా అనిపించడానికి ఇదొక కారణం. రెండోది మెడ మొదట్లో తీగలు ఆనే పట్టీ వెడల్పు, దీన్ని నట్ అంటారు. ఎఫ్‌జీ800లో 43 మిల్లీమీటర్లు, డి-28లోనూ చాలా టేలర్ గిటార్లలోనూ 44.5. తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లే అయినా లావు వేళ్లవాళ్లకు పక్క తీగ తగలకుండా నొక్కడంలో అది తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం యాక్షన్, అంటే మెడ మీది మెట్టుకూ (ఫ్రెట్) తీగకూ మధ్య ఎత్తు. దీన్ని కొలవడానికి ఇంట్లోనే సాధనం ఉంది. ఏటీఎం కార్డు మందం ప్రమాణం ప్రకారం 0.76 మిల్లీమీటర్లు. అక్షరాలు ఉబ్బెత్తుగా లేని పాత కార్డులు మూడు కలిపి పన్నెండో మెట్టు మీద, లావు తీగ కింద దూర్చండి. మూడూ సరిగ్గా పడితే ఎత్తు 2.3 మిల్లీమీటర్లు, బాగున్నట్టు. సన్న తీగ కింద రెండు కార్డులు కాస్త వదులుగా పట్టాలి. లావు తీగ కింద ఐదు కార్డులు పడుతున్నాయంటే ఆ గిటార్‌తో పసివేళ్లను నొప్పించకండి. అవతలి చివర తీగలు ఆనే తెల్లటి ముక్కను శాడిల్ అంటారు. పన్నెండో మెట్టు దగ్గర అర మిల్లీమీటరు దించాలంటే శాడిల్‌ను ఒక మిల్లీమీటరు అరగదీయాలి. ఇది దుకాణంలో మెకానిక్ చేసే పని, సెటప్ అంటారు. కొనేటప్పుడే చేయించి ఇమ్మని అడగండి. అప్పటికీ నొప్పిగా ఉంటే 10-47 సెట్టు వేయించండి. మొత్తం లాగుడు 60 కిలోల దరికి దిగుతుంది. శబ్దం కొంచెం పలచబడుతుంది, మొదటి ఏడాదికి ఆ బేరం మంచిదే.

డబ్బు లెక్క మరోసారి చూద్దాం. ఇరవై రెండు వేల గిటార్ పదేళ్లు వాడితే రోజుకు ఆరు రూపాయలు. మూడు లక్షల ముప్పై వేలదైతే రోజుకు తొంభై. తీగలను మాత్రం ఈ లెక్కలో చాలామంది మర్చిపోతారు. సెట్టు ఏడు వందలనుకుని మూడు నెలలకోసారి మారిస్తే ఏడాదికి 2,800, పదేళ్లకు 28,000. ఆ ఇరవై రెండు వేల గిటార్ ధర కన్నా ఎక్కువ. అయినా మార్చాల్సిందే, తుప్పు పట్టిన తీగలతో మార్టిన్ అయినా మూగబోతుంది. కాబట్టి పాతిక వేలు చేతిలో ఉంటే అంతా గిటార్‌కే పెట్టేయకుండా సెటప్‌కూ రెండు సెట్ల తీగలకూ కొంత మిగుల్చుకోండి.

ఏ ఊళ్లో ఉంటున్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. సాలిడ్ చెక్క గాలిలోని తేమను పీలుస్తుంది, వదులుతుంది. 45 నుంచి 55 శాతం తేమ దానికి హాయి. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నాలు దీనికి చాలా కింద ఉంటాయి, విశాఖ తీరం చాలా పైన. ఎండితే మెట్ల అంచులు బయటికి పొడుచుకొచ్చి చేతికి గీసుకుంటాయి, పలక పగలొచ్చు. తేమ ఎక్కితే పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. చలికాలమంతా హీటర్ నడిచే అమెరికా ఇళ్లలోని మనవాళ్లకైతే ఎండడమే పెద్ద బెడద. పెట్టెలో ఉంచి, చవకరకం తేమ మీటరు ఒకటి అందులో పెడితే చాలావరకు సరిపోతుంది. గిటార్‌ను గోడకు తగిలించే ఉంచుతాం, పెట్టె తీసి పెట్టే ఓపిక లేదు అనేవాళ్లకు లామినేటే సరైన కొనుగోలు.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుంటే? పాతిక వేల గిటార్‌కు ఆ శ్రమ దండగ. లక్షల గిటార్‌కైతే విమానంలో దెబ్బ తగిలే ప్రమాదం, సుంకం, ఇక్కడ వారంటీ చెల్లుతుందా అన్నవి ముందే విచారించండి. భారతీయ రోజ్‌వుడ్ వాద్యాలకు 2019 నవంబరు నుంచి అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం కింద అనుమతి పత్రాలు అక్కర్లేదు. 1969కి ముందటి పాత గిటార్లలో బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉండొచ్చు, దానికి మాత్రం తప్పనిసరి.

నాలుగైదు వేల గిటార్ కొనక తప్పదంటే దుకాణంలోనే ఒక పరీక్ష చేయండి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ తెరిచి, తీగను ఖాళీగా శ్రుతి చేసి, పన్నెండో మెట్టు మీద నొక్కి మీటండి. అదే స్వరం పై స్థాయిలో రావాలి. యాప్ సెంట్లలో తేడా చూపిస్తుంది. ఒక మెట్టుకు వంద సెంట్లు. ఐదు లోపు ఉంటే పర్వాలేదు. పదిహేను, ఇరవై చూపిస్తే ఆ గిటార్ మీద ఏ పాటా శ్రుతిలో పలకదు, పిల్లవాడు తప్పు తన వేళ్లదే అనుకుంటాడు. దాన్ని అక్కడే వదిలేసి పక్కనున్న ఇంకో గిటార్ అందుకోండి.