నెచ్చెలియే సాక్షి

తల్లిదండ్రులను మనము కోరి యెన్నుకొనలేదు. తోబుట్టువులను ఎన్నుకొనలేదు. భర్తను పెక్కుచోట్ల పెద్దలే యెన్నుకొందురు. అత్తమామలు, ఆడుబిడ్డలు, తోడికోడండ్రు ఆ పెండ్లితో వచ్చువారు. ఇందఱిలో ఆడుపిల్ల తన యిచ్ఛచే సంపాదించుకొనునది ఒక్కర్తియే. ఆమె చిన్ననాటి స్నేహితురాలు. చెలి, సఖి, నెచ్చెలి యని మన భాషలో ఆమెకు ఎన్నియో పేర్లు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు ఆ బంధమును సోపతి యందురు. ఇన్ని పేర్లు గల బంధమునకు మన యిండ్లలో పీట మాత్రము లేదు. పెండ్లిలో మేనమామకు జరుపవలసిన మర్యాద కలదు. ఆడుబిడ్డకు ఈయవలసిన కట్నము కలదు. స్నేహితురాలికి ఏ మర్యాదయు విధింపబడలేదు.

ఒక యుదాహరణము చెప్పెదము. సూర్యాపేటలోని యొక పాఠశాలయందు ఒకే బల్లపై ముగ్గురు బాలికలు కూర్చుండెడివారనుకొందము. ఒకతె లెక్కలలో దిట్ట. ఒకతె చక్కగా పాడును. మూడవది తక్కిన యిద్దఱిని నవ్వించును. పదిపండ్రెండేండ్లు గడచును. మొదటిది మిర్యాలగూడలో బియ్యపుమిల్లు గలవారి యింటికి కోడలగును. రెండవది కోదాడలో నొక వర్తకుని భార్య యగును. మూడవది సూర్యాపేటలోనే యుండి, పిల్లలకు పాఠములు చెప్పుకొనుచు తల్లిదండ్రులను చూచుకొనును. ఈ మూడు పట్టణములలో ఏ రెంటి నడుమ చూచినను దూరము ఏబది కిలోమీటర్లకు అటునిటు మాత్రమే. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట ప్రత్యేకజిల్లా కాగా కోదాడ దానిలో చేరెను, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాయందే నిలిచెను; కాని జిల్లాల గీత బస్సును ఆపదు. సాగరు ఎడమకాలువ క్రింద పండిన వడ్లు దినదినము ఈ త్రోవలవెంట మిల్లులకు చేరుచునే యున్నవి. వడ్లు చేరు చోటికి స్నేహితురాలు ఏండ్లతరబడి చేరదు. ఏల?

అత్తవారు క్రూరులు గారు. పోవలదని శాసించినవారును లేరు. కాని “ఎవరింటికి?” అని యడిగిన చెప్పదగిన వరుస లేదు. పినతల్లి కూతురనిన వెంటనే సరే యందురు. చిన్ననాటి స్నేహితురాలనిన “ఇప్పుడు ఆమెతో నేమి పని?” అందురు. ఒకటి రెండుమారులు ఆ మాట విన్నపిదప కోడలు అడుగుటయే మానును. ఇట్లు ఎవరును త్రెంపకయే ఆ బంధము తెగుచున్నది.

దీనివలన నష్టమేమి? నాలుగు కబుర్లు తగ్గినవి, అంతియే గదా యని యనవచ్చును. అంతియే కాదని చెప్పు నవలలు కొన్ని వెలువడినవి. వానిని గూర్చి చెప్పుటకు ముందు మనకందఱకు తెలిసిన యొక ప్రాచీనకథను తలచుకొందము.

మన కావ్యములలో చెలికత్తె లేని నాయిక అరుదు. కాని ఆ చెలికత్తె పని యెల్ల నాయికకు శైత్యోపచారములు చేయుట, నాయకునికి సందేశము మోయుట. వసుచరిత్రలో గిరిక పక్షమున రాయబారము నడపిన మంజువాణి యట్టిదే. నాయికకు పెండ్లి యైనతోడనే చెలికత్తె పని తీరును. ఆమె మనసులో నేమున్నదో, తరువాత నేమయ్యెనో కవికి పట్టదు.

కాళిదాసుని శాకుంతలములో మాత్రము ఈ లోపము ఎంత అనర్థము తెచ్చెనో చూడుడు. దుర్వాసుని శాపము శకుంతల వినలేదు. విన్నవారు అనసూయా ప్రియంవదలు. ఆనవాలు చూపినయెడల శాపము తీరునని యెఱిగినవారును వారే. సుకుమారి యగు చెలి నొచ్చుకొనునని వారు ఆ మాట దాచిరి. రాజు గుర్తింపకున్న ఉంగరము చూపుమని మాత్రము చెప్పిరి. అత్తవారింటికి తరలుచు శకుంతల, చెలులు ఇచ్చటినుండియే మరలిపోవుదురా యని తండ్రి నడిగెను. వీరికిని పెండ్లి చేయవలసి యున్నది గావున అచ్చటికి వచ్చుట తగదని కణ్వుడు చెప్పెను. తోడుగా గౌతమి పోయెను. ఉంగరము దారిలో నీటిపాలయ్యెను. నిండుసభలో శకుంతల నిలువబడి తన కథ చెప్పుకొన్నపుడు, శాపము సంగతి తెలిసిన నోరు ఒక్కటియు ఆ సభలో లేదు. ఆ చెలులు మఱి నాటకమున కానరారు. ఈ కథనే పదునైదవ శతాబ్దమున పిల్లలమఱ్ఱి పినవీరభద్రకవి శృంగారశాకుంతలముగా తెనిగించెను. సూర్యాపేట చెంతనున్న పిల్లలమఱ్ఱి గ్రామమువారు ఆయనను తమవానిగా చెప్పుకొందురు.

కావున చెలి యనగా వట్టి కాలక్షేపము గాదు. ఆమె మన కథకు సాక్షి. మనము బాలికగా నుండి స్త్రీ యగుట కండ్లార చూచినది ఆమెయే. ఆ సాక్షిని గడపవద్దనే విడిచిపోయిన స్త్రీ, నేనెవరినో చెప్పుకొనవలసివచ్చినపుడు ఒంటరిగా నిలుచును.

ఇక నవలల మాట. తెలుగున స్త్రీని ప్రేమలో పడినదానిగనో, కష్టపడు కోడలుగనో చూపిన నవలలు కోకొల్లలు. ఒక స్త్రీకి మఱియొక స్త్రీ ఏమగును అని యడిగినవి తక్కువ. వైద్యురాలైన డాక్టరు పి. శ్రీదేవి “తెలుగు స్వతంత్ర” పత్రికయందు ప్రకటించి, 1958లో గ్రంథరూపమున తెచ్చిన “కాలాతీత వ్యక్తులు” ఆ తక్కువవానిలో ముఖ్యమైనది. విశాఖపట్టణమున జరుగు ఈ కథయందు ఇందిర, కల్యాణి, వసుంధర యను ముగ్గురు యువతులు కలరు. ఇందిర ఎవరిమీదను ఆధారపడని మొండి ధైర్యము గలది. కల్యాణి నెమ్మదైనది, చదువుకొనుటకై వచ్చినది. తనవారను దిక్కు లేని కల్యాణికి వసుంధర స్నేహము నీడ యగును. పెండ్లి యెవరితో నగునో యను ప్రశ్న కథలో నున్నను, చదివి ముగించినపిదప మనసున నిలుచునది ఆ మువ్వురు ఆడువారి ముఖములే. 1963లో “చదువుకున్న అమ్మాయిలు” అను చలనచిత్రముగా ఈ నవలయే తెరకెక్కెను. రచయిత్రి దానిని చూడలేదు. 1961లోనే, ముప్పది రెండేండ్లయినను సరిగా నిండకయే ఆమె పరమపదించెను.

శ్రీదేవి గారి యువతులు కలిసికొనుట చదువు నాటికి. చిన్నతనమునుండి ముదిమివఱకు ఇద్దఱు స్నేహితురాండ్రను విడువక వెంబడించిన నవల కావలెననిన మనము సముద్రములు దాటవలెను. ఇటలీదేశమున ఎలెనా ఫెర్రాంటె యను కలముపేరుతో వ్రాయు రచయిత్రి 2011 మొదలు 2014 వఱకు నాలుగు సంపుటములుగా నట్టి నవలను వెలువరించిరి. నేపుల్సు నగరములోని యొక పేదవాడలో పుట్టిన ఎలెనా, లీల యను నిద్దఱు బాలికల కథ యిది. ఎలెనా తండ్రి పురపాలక కార్యాలయమున ద్వారపాలకుడు. లీల తండ్రి చెప్పులు కుట్టువాడు. లీల బుద్ధియందు మిన్న. ఎవరును నేర్పకయే చదువ నేర్చినది. అయినను పై తరగతికి పోవుదునని పట్టుబట్టినందుకు తండ్రి ఆమెను కిటికీనుండి బయటికి విసరివైచెను, చేయి విఱిగెను. చదువు ఎలెనాకు దక్కెను. పదునాఱేండ్లకే పెండ్లి లీలకు దక్కెను. ఈ కథకు మిర్యాలగూడలోనైనను కోదాడలోనైనను తర్జుమా అక్కఱలేదు. లెక్కలలో మొదటిదిగా నుండి, పదవతరగతి దాటక పెండ్లిపీటలపై కూర్చున్న బాలిక నెఱుగని వీధి యెచ్చటనున్నది?

పెండ్లినాడు ముస్తాబు చేయుచున్న ఎలెనాతో లీల, నీవు మాత్రము చదువు మానవలదని, సొమ్ము కావలసిన తాను ఇచ్చెదనని చెప్పును. తనకు చేజాఱినదానిని చెలి చేతిలోనైనను నిలుపవలెనని ఆమె తపన. మఱియొక సంగతి చూడుడు. ఆమె అసలు పేరు రఫయెల్లా. లోకమంతయు లీనా యని పిలుచును. లీల యని పిలుచునది ఎలెనా ఒక్కర్తియే. మనకును ఇది యెఱుకయే. పెండ్లియైనపిదప మనము ఒకరికి కోడలము, ఒకరికి వదినె, ఒకరికి అమ్మ. “ఏమే పిల్లా” యని చిన్ననాటి పేరు పెట్టి పిలుచు గొంతు ఒక్కటే మిగులును. ఆ గొంతును పోగొట్టుకొన్నవారు ఆ పేరునుగూడ పోగొట్టుకొందురు.

ఈ స్నేహము పాలును తేనెయును మాత్రమే యని రచయిత్రి చెప్పలేదు. అసూయ కలదు, పోటీ కలదు, ఒకతె వలచినవానిని రెండవది వలచుట కలదు, ఏండ్లతరబడి మాటలు లేకుండుటయు కలదు. చెలి చదువును చూచి యొకతె కుములును. చెలి ధైర్యమును చూచి యొకతె కుములును. కొందఱు పాఠకురాండ్రకు ఇది రుచింపకపోవచ్చును. కాని మా యభిప్రాయమున నవల బలమంతయు నిచ్చటనే యున్నది. అక్కచెల్లెండ్రు పోట్లాడినను అక్కచెల్లెండ్రుగానే నిలుతురు. స్నేహితురాండ్రు ఒకమారు పోట్లాడిన పెద్దలు “పోనిమ్ము, పరాయిది” యని తీర్పు చెప్పుదురు. అఱువది యాఱేండ్ల ప్రాయమున లీల ఆనవాలైనను మిగులకుండ మాయమగును. అపుడు ఎలెనా కోపముతో కూర్చుండి, తమ యిద్దఱి కథను మొదటినుండి వ్రాయ నారంభించును. ఆ వ్రాతయే నవల. ఒకతె తన్ను తాను తుడిచివేసికొనదలచినను, సాక్షి తుడువనీయలేదు.

సాక్షి యను మాట చెప్పునపుడు మన సూర్యాపేట సీమలో నిజముగా జరిగినదానిని మఱువరాదు. 1946 మొదలు 1951 వఱకు సాగిన తెలంగాణ సాయుధపోరాటమున ఇక్కడి ఆడువారు దళములలో తిరిగిరి, వార్తలు మోసిరి, గాయపడినవారికి సేవచేసిరి. కరివిరాల కొత్తగూడెమున 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం గారు వారిలో నొకరు. ఆమె తరువాత 1978లోను 1983లోను తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికై, 2022 మార్చి 19వ తేదీన కన్నుమూసిరి. పోరాటము విరమింపబడిన వెనుక ఆ స్త్రీలలో పెక్కండ్రు తిరిగి వంటయిండ్లకు చేరవలసివచ్చెను. చేయిచేయి పట్టుకొని అడవులలో నడచినవారు చెల్లాచెదరైరి. వారి మాట అడిగినవారు లేరు. ముప్పదియైదేండ్ల తరువాత స్త్రీశక్తి సంఘటన యను సంఘములోని యువతులు వారి కడ కూర్చుండి, వారు చెప్పినదెల్ల విని, 1986లో “మనకు తెలియని మన చరిత్ర” యను గ్రంథముగా తెచ్చిరి. ఇది నవల కాదు. కాని ఒక స్త్రీ చెప్పగా నొక స్త్రీ విని నిలిపిన కథ. అడుగు చెలి లేకున్న ఆ చరిత్ర వారితోనే మట్టిలో కలిసెడిది.

స్నేహితురాండ్రు చేరిన ఇంటిగుట్టు బయటపడునని భయపడు పెద్దలు కలరు. ఆ భయము పూర్తిగా వట్టిది గాదు. కాని ఒక మాట ఆలోచింపవలెను. కోడలు సుఖముగా నున్న యింటిలో బయటపడవలసిన గుట్టు ఉండదు. ఆమె కష్టములో నున్న యింటిలో ఆ గుట్టును ఎవరో యొకరు ఎఱిగియుండుటయే మేలు. పుట్టింటివారికి చెప్పిన తల్లి బెంగపడునని, తండ్రి పరువనునని దాచుకొన్న మాటను ఆడుపిల్ల చెలికి మాత్రమే చెప్పును. మనసు విఱిగి, ఇక చాలుననుకొన్న రాత్రి ఆమెను నిలుపగలది ఆ యొక్క గొంతే కావచ్చును. అందువలన దీనిని మేము ముచ్చటగా గాక అవసరముగా చెప్పుచున్నాము.

చేయవలసినది పెద్దపని గాదు. అత్తగార్లకు మా మనవి: క్రొత్తకోడలి బంధువుల పేర్లతో పాటు ఆమె స్నేహితురాలి పేరుగూడ అడిగి తెలిసికొనుడు. ఆ పిల్ల ఒకపూట మీ యింట భోజనము చేసిపోవునట్లు పిలువుడు. తల్లులకు మా మనవి: బతుకమ్మ దినములలో ఆడుబిడ్డలు పుట్టింటికి వత్తురు గదా, సద్దుల బతుకమ్మకు కూతురితో పాటు ఆమె చెలిని గూడ పిలిచి, ఇద్దఱిచేత ఒకే బతుకమ్మను పేర్పింపుడు. రెండేండ్ల కొకమారు సూర్యాపేట చెంత దురాజ్‌పల్లిలో జరుగు పెద్దగట్టు జాతరకు కోదాడనుండియు మిర్యాలగూడనుండియు జనులు వచ్చుచునే యున్నారు. ఆ ప్రయాణమునకు స్నేహితురాలి యిల్లు ఒక మజిలీ కావచ్చును. మీకు మా మనవి: చేతిలో టెలిఫోను ఉన్న యీ దినములలో దూరము సాకు గాదు. చాలకాలము మాటలు లేకుండుటచే మొగమాటము కలిగినయెడల “కాలాతీత వ్యక్తులు” చదివి, అందులో తోచిన నాలుగు మాటలు వ్రాసి పంపుడు. ఆ నెపముతో మొదలైన మాట తానుగా ముందునకు సాగును.

శకుంతల బయలుదేరినపుడు ఆ చెలులలో నొక్కతెనైన వెంటబోనిచ్చియుండిన ఆ సభలో తీర్పు వేఱుగా నుండెడిది. మన కూతుండ్ర విషయమున ఆ పొరపాటు మరల జరుగకుండ చూచుట తల్లుల చేతిలోను, అత్తగార్ల చేతిలోను ఉన్న పనియే యని విన్నవించుకొనుచున్నాము.