మెడికోల చదువులో కాన్సెప్ట్ మ్యాప్: బాణం మీద రాసే మాటే అసలు సంగతి

నీట్ గట్టెక్కి ఎంబీబీఎస్‌లో చేరిన పిల్లల మీద మొదటి ఏడాదే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ వచ్చి పడతాయి. ఇంటర్‌లోలాగా బట్టీ కొడితే సరిపోతుందని ఇంట్లో మనం అనుకుంటాం. కానీ రోగి సబ్జెక్టుల వారీగా రాడు కదా!

అందుకే కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లో మెడికల్ చదువును తిప్పి మొదలుపెట్టింది. ముందు రోగి కథ ఇస్తారు. చిన్న గ్రూపుగా కూర్చుని ఏం తెలుసు, ఏం తెలియదో తేల్చుకుని, చదివొచ్చి మళ్లీ చర్చిస్తారు. ఇదే ప్రాబ్లం బేస్డ్ లెర్నింగ్. చర్చ బాగానే సాగుతుంది, ఎవరి బుర్రలో ఏం మిగిలిందో మాత్రం తెలియదు. అక్కడే కాన్సెప్ట్ మ్యాప్ పనికొస్తుంది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో జోసెఫ్ నోవాక్ బృందం 1970లలో తయారుచేసిన పద్ధతి ఇది. విషయాలను గడుల్లో రాసి, మధ్య బాణం గీసి, దాని మీద 'పెంచుతుంది', 'తగ్గిస్తుంది' అని సంబంధం రాయాలి.

ఉదాహరణకు, షుగర్ ఉన్న కుర్రాడు ఇన్సులిన్ మానేశాడు. విపరీతమైన దాహం, వాంతులు, ఆయాసంతో ఆస్పత్రికి వచ్చాడు. ఇన్సులిన్ లేక రక్తంలో షుగర్ పెరిగింది, అది మూత్రంలోకి నీళ్లను లాక్కెళ్లింది, అందుకే దాహం. ఇంకోవైపు కొవ్వు కరిగి కీటోన్లు తయారయ్యాయి, రక్తంలో ఆమ్లం పెరిగింది, దాన్ని తగ్గించుకోడానికి ఒళ్లు ఊపిరి వేగం పెంచింది. ఇంతవరకు చాలామంది గీసేస్తారు.

చిక్కంతా పొటాషియం దగ్గరే. మూత్రంతో పాటు అదీ పోతుంది. కానీ కణాల్లోది రక్తంలోకి వచ్చేయడంతో పరీక్షలో మామూలుగానో, ఎక్కువగానో కనిపించొచ్చు. చికిత్సలో ఇన్సులిన్ ఇవ్వగానే అది తిరిగి కణాల్లోకి వెళ్లి, రక్తంలో బాగా పడిపోవచ్చు. గుండె లయ తప్పి ప్రాణం మీదకు రావచ్చు. ఇన్సులిన్ నుంచి పొటాషియంకు బాణం లేకపోతే ట్యూటర్‌కు వెంటనే కనిపిస్తుంది. పొటాషియం నార్మల్ ఎంత అని అడిగితే మాత్రం అదే విద్యార్థి టక్కున చెప్పేస్తాడు.

కామర్స్ చదివిన నాకు ఇది లెడ్జర్‌లా అనిపించింది. ఒకచోట డెబిట్ రాస్తే ఇంకోచోట క్రెడిట్ కనిపించాలి.

మన దేశంలో 2019లో వచ్చిన ఎంబీబీఎస్ కరిక్యులమ్ కూడా సబ్జెక్టులను కలిపి చదవమంటోంది. అలాగని ఫ్రెండ్ మ్యాప్ కాపీ కొడితే లాభం లేదు. మొదట తెలిసినంతే గీయాలి, చదివాక వేరే రంగు పెన్నుతో దిద్దుకోవాలి. టైమ్ పడుతుంది, నిజమే.

మీ ఇంట్లో మెడికో ఉంటే ఆ కాగితం పట్టుకుని అమ్మీకి ఒక్కో బాణం చదివి చెప్పమనండి. ఎక్కడ నసిగితే అక్కడ పుస్తకం తెరవాలి.