రుతువిరతి వ్యాధి కాదు - గర్భసంచి తొలగింపు దానికి చికిత్స కాదు

తాటిపాక (డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా): సముద్ర తీరానికి చేరువలోని కోనసీమలో వేసవి ఉక్కపోత సహజం. అందువలన తాటిపాక, రాజోలు పరిసర గ్రామాలలో నడివయసు మహిళకు అకస్మాత్తుగా ఒంటినిండా ఆవిర్లు కమ్మి చెమటలు పోసినా, దానిని ఎండ ప్రభావంగానే భావించే అవకాశం ఉన్నది. చలికాలపు రాత్రులలో సైతం ఇదే జరుగుతున్నచో అది రుతువిరతి లక్షణం కావచ్చును.

వరుసగా 12 నెలలు బహిష్టు రానిచో రుతువిరతి కలిగినట్లు వైద్యులు నిర్ధారిస్తారు. మన దేశంలో ఇది సగటున 46-47 ఏళ్ల వయసులో సంభవిస్తుంది. అండాశయాలలో ఈస్ట్రోజన్ హార్మోను ఉత్పత్తి తగ్గుటయే దీనికి కారణం. ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు, దిగులు, కీళ్ల నొప్పులు, యోని పొడిబారడం వంటి లక్షణాలు కొందరిలో కొన్ని నెలలు, మరికొందరిలో కొన్నేళ్లు ఉంటాయి. 40 ఏళ్లలోపే ముట్లు ఆగినచో తప్పక వైద్యులను సంప్రదించవలెను.

ఈ వయసులో కలిగే ఇబ్బందులకు గర్భసంచి తీయించుకొనుటయే మార్గమనే అపోహ తగదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళలలో సుమారు 3 శాతం మంది ఈ శస్త్రచికిత్స చేయించుకొనగా, ఆంధ్రప్రదేశ్‌లో ఇది సుమారు 9 శాతం. అండాశయాలను కూడా తొలగించినచో రుతువిరతి వెంటనే వస్తుంది. వాటిని ఉంచినప్పటికీ ముందుగా రావచ్చును. చిన్న వయసులో ఇట్లు జరిగినచో ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతాయి. అనవసర శస్త్రచికిత్సల నివారణకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అమలుపరచవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆపరేషన్ అవసరమని చెప్పినప్పుడు కారణం అడిగి తెలుసుకొని, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకొనుట మేలు.

పాటించవలసిన జాగ్రత్తలు:

- పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ముల్లుతో తినగలిగే చిన్న చేపలు ఆహారంలో చేర్చుకొనవలెను.
- రోజూ అరగంట నడక, ఉదయపు ఎండ, నూలు దుస్తులు మేలు చేస్తాయి. కాఫీ, టీ, కారం తగ్గించవలెను.
- రక్తపోటు, మధుమేహం, థైరాయిడ్ పరీక్షలు చేయించుకొనవలెను.
- హార్మోను మాత్రలను వైద్యుల సలహాతో మాత్రమే వాడవలెను. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవారికి ఇవి సాధారణంగా తగవు.

ముట్లు ఆగిన ఏడాది తరువాత కొద్దిపాటి రక్తస్రావం కనిపించినా దానిని 'మళ్లీ ముట్టు వచ్చింది' అని ఉపేక్షించరాదు. అది క్యాన్సర్‌కు తొలి సూచన కావచ్చును. ఆశా కార్యకర్తకు గాని, ఎ.ఎన్.ఎం.కు గాని వెంటనే తెలియజేసి, ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకొనవలెను. ఈ దశలో మహిళలకు విశ్రాంతిని, ఓదార్పును అందించుట కుటుంబ సభ్యులందరి బాధ్యత.