నలభై గజాల పరుగుతో రిసీవర్ తేలడు

“స్పీడ్ నేర్పితే వచ్చేది కాదండీ, పుట్టుకతో రావాలి. మావాడికి లేదు, అందుకే మాన్పించేశాం.” డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, అలెన్ వైపు తెలుగు ఇళ్లలో ఈ మాట పదే పదే వినబడుతోంది. అలెన్ హైస్కూల్ జట్టుకు 18,000 మంది కూర్చునే స్టేడియం ఉంది. అలాంటి చోట పెరిగే పిల్లవాడు ఏడో తరగతికొచ్చేసరికి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతానని, అందులోనూ క్వార్టర్‌బ్యాక్ విసిరే బంతిని పట్టే రిసీవర్‌నవుతానని పట్టుబట్టడంలో వింతేమీ లేదు. ఎవరో స్టాప్‌వాచ్ పట్టుకుని వాణ్ణి నలభై గజాలు పరిగెత్తిస్తారు. అంకె బాగుండకపోతే ‘మన ఒంట్లో ఆ స్పీడ్ లేదులే’ అని ఇంట్లో తీర్పు వచ్చేస్తుంది, హెల్మెట్ తిరిగి స్కూలుకి వెళ్లిపోతుంది. అంకె బాగుంటే జరిగేది ఇంకా అన్యాయం. ‘స్పీడ్ ఉంది, ఇక నేర్చుకునేదేముంది’ అంటూ శని ఆదివారాలు నలభై గజాల పరుగు తప్ప మరేమీ చేయించని క్యాంపులకి డబ్బు కట్టి తిప్పుతారు. పదహారేళ్లొచ్చినా వాడికి ఒక్క రూట్, అంటే బంతి అందుకోడానికి ముందే అనుకుని పరిగెత్తే దారి, సరిగా రాదు. ఒకడికి అవకాశం పోయింది, ఇంకొకడికి ఆట నేర్చుకునే కాలం పోయింది. రెండు నష్టాలూ ఆ ఒక్క మాట వల్లే.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లలో 2017 నాటిది ఒక్కటి చూస్తే చాలు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లను పరీక్షించే ఇండియానాపోలిస్ కంబైన్‌లో జాన్ రాస్ నలభై గజాలు 4.22 సెకన్లలో పరిగెత్తాడు. అప్పటికి అది రికార్డు. సిన్సినాటి బెంగాల్స్ అతన్ని 9వ ఎంపికగా తీసుకుంది. అదే కంబైన్‌లో ఈస్టర్న్ వాషింగ్టన్ నుంచి వచ్చిన కూపర్ కప్‌కి 4.62 పట్టింది. ఇద్దరూ పక్కపక్కన పరిగెత్తి ఉంటే, రాస్ గీత దాటేసరికి కప్ దాదాపు నాలుగు గజాలు వెనక ఉండేవాడు. లాస్ ఏంజెలిస్ రామ్స్ కప్‌ని మూడో రౌండ్లో, 69వ ఎంపికగా పిలిచింది. తర్వాత ఏమైంది? రాస్ ఎన్ఎఫ్ఎల్ జీవితం మొత్తంలో సాధించినవి వెయ్యి లోపు గజాలే. కప్ 2021 అనే ఒక్క సీజన్లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లతో మూడింటిలోనూ లీగ్‌లో మొదటివాడై, ఆ సీజన్ సూపర్ బౌల్‌లో ఉత్తమ ఆటగాడు కూడా అయ్యాడు. రాస్‌ని గాయాలు వెంటాడాయి, ఆ మాట చెప్పకపోతే అతనికి అన్యాయం చేసినట్టే. అయినా నాలుగు గజాల ముందంజ తనంతట తానుగా బంతిని చేతిలో పెట్టదన్న సంగతి మారదు.

ఎందుకు పెట్టదో తెలియాలంటే స్కూల్ ప్రాక్టీస్‌లో గీత పక్కన నిలబడి చూడాలి. పన్నెండు గజాలు వెళ్లి ఠక్కున ఆగి క్వార్టర్‌బ్యాక్ వైపు తిరిగే కర్ల్ రూట్ అనుకోండి. జట్టులో అందరికన్నా వేగంగా పరిగెత్తే కుర్రాడు బయల్దేరతాడు. ఎదురుగా అతన్ని కాపలా కాసే కార్నర్‌బ్యాక్ వెనక్కి వెనక్కి అడుగులేస్తుంటాడు. పదో గజం దగ్గర మనవాడి తల పైకి లేస్తుంది, ఛాతీ నిటారవుతుంది, చేతుల ఊపు తగ్గుతుంది. ఆగడానికి ఐదారు అడుగులు కావాలి మరి, అంత వేగంలో ఉన్నాడు. కార్నర్‌కి ఇంకేం కావాలి? తల లేవడం చూడగానే పాదం నేలలో గుచ్చి ముందుకు దూకుతాడు. క్వార్టర్‌బ్యాక్ అప్పటికే బంతి వదిలేశాడు, ఎందుకంటే ఈ రూట్‌లో రిసీవర్ తిరగకముందే బంతి గాల్లో ఉండాలి. అది కార్నర్ చేతుల్లో పడుతుంది. పక్కన ఇంకో కుర్రాడు, నలభై గజాల్లో వీడికన్నా బాగా వెనకబడేవాడు, అదే రూట్ వెళ్తాడు. ఛాతీ మోకాళ్ల మీదికి వంగే ఉంటుంది, చేతులు ఆడుతూనే ఉంటాయి. కార్నర్ కళ్లకి వాడింకా లోతుకి పోతున్నట్టే కనిపిస్తాడు. నడుము ఒక్కసారిగా కిందికి దిగుతుంది, రెండు మూడు పొట్టి అడుగులు, తిరిగేసరికి బంతి రొమ్ము దగ్గర. కార్నర్ మూడు గజాల దూరంలో ఉంటాడు. ఆ మూడు గజాలు ఏ స్టాప్‌వాచ్‌లోనూ పడవు. వాటిని ఆ కుర్రాడికి ఎవరో నేర్పారు. నడుము దింపడం, భుజాలు దాచడం, ప్రతి రూట్‌నీ మొదటి పది గజాలు ఒకేలా కనిపించేట్టు పరిగెత్తడం, అన్నీ నేర్పితేనే వస్తాయి.

బంతి కదలగానే ఆట మొదలయ్యే గీత దగ్గరే రిసీవర్ రొమ్ము మీద చెయ్యివేసి ఆపే ప్రెస్ కవరేజ్‌లోనూ ఇదే కథ. ఎన్ఎఫ్ఎల్‌లో మొదటి ఐదు గజాల్లో అలా తాకడం డిఫెండర్ హక్కు. ఆ చేతిని తప్పించుకోకుండా వేగం అందుకునేది ఎక్కడ? దావాంటే ఆడమ్స్ 4.56 మనిషి. గ్రీన్ బే ప్యాకర్స్‌లో మొదటి రెండు సీజన్లలో 38, 50 క్యాచ్‌లతో సరిపెట్టుకున్నాడు. 2020లో అతనివి 18 టచ్‌డౌన్లు. ఆ మధ్య కాలంలో అతని కాళ్లు వేగం పుంజుకోలేదు. గీత దగ్గర తొలి రెండడుగులతో ఎదుటివాణ్ణి తప్పుదారి పట్టించే విద్య పదునెక్కింది. ఇవాళ హైస్కూల్ కోచ్‌లు పిల్లలకి వేసి చూపించే వీడియోల్లో ఆ అడుగులుంటాయి.

పోనీ, భూమ్మీద అందరికన్నా వేగంగా పరిగెత్తేవాళ్లని తెచ్చి రిసీవర్లుగా నిలబెడితే? అదీ చేసి చూశారు. 1968 మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో 9.95 సెకన్లతో 100 మీటర్ల స్వర్ణం గెలిచిన జిమ్ హైన్స్‌ని మయామి డాల్ఫిన్స్ తీసుకుంది. బంతి చేతుల్లో నిలవక ‘ఊప్స్’ అన్న పేరు మిగిలింది. 110 మీటర్ల హర్డిల్స్‌ని 13 సెకన్లలోపు తొలిసారి పూర్తిచేసిన రెనాల్డో నెహమయా మూడేళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడి 43 క్యాచ్‌లు పట్టాడు. అదే శాన్‌ఫ్రాన్సిస్కో 1985లో 16వ ఎంపికగా తెచ్చుకున్న జెర్రీ రైస్‌ని వేగవంతుడని అప్పుడెవరూ అనలేదు. తొలి సీజన్లో బంతులు జారవిడిచి సొంత ప్రేక్షకులతోనే గేలి చేయించుకున్నాడు. రిటైరయ్యేసరికి 22,895 గజాలు. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జెరాల్డ్‌వి 17,492. అతనూ వేగానికి పేరుపడ్డవాడు కాదు. ఈ ఆట చరిత్రలో రిసీవర్ల గజాల లెక్కలో తొలి రెండు స్థానాలూ ఇలాంటివాళ్లవైతే, ఏడో తరగతి పిల్లాడి ముందు స్టాప్‌వాచ్ పట్టుకుని తీర్పు చెప్పడానికి ఎవరికి మనసొప్పుతుంది?

అసలు ఆ అంకెని ‘పుట్టుక’ అనడమే తప్పు. కంబైన్‌కి వెళ్లే కుర్రాళ్లు ముందు వారాల తరబడి ప్రైవేటు శిక్షణ కేంద్రాల్లో ఆ నలభై గజాల పరుగునే సాధన చేస్తారు. చెయ్యి ఎక్కడ ఆనించాలి, మొదటి అడుగు ఎంత పొడుగుండాలి, పదో గజం దాకా తల ఎందుకు ఎత్తకూడదు, అంతా కోచింగే. ఇక స్కూల్ క్యాంపుల్లో చేతి గడియారంతో తీసిన సమయం బొటనవేలి చలవతో సెకనులో ఐదో వంతు అటూ ఇటూ కావచ్చు. పైగా పదమూడు, పద్నాలుగేళ్ల మగపిల్లల్లో ఒకడికి మీసం వచ్చేసి ఉంటుంది, ఇంకొకడి ఎదుగుదల ఇంకా మొదలై ఉండదు. ఆ వయసులో స్టాప్‌వాచ్ చాలావరకు కొలిచేది ఎవరు ముందు పెరిగారన్నదే. పొడుగు ఒక్కసారిగా సాగే రోజుల్లో కాళ్లు చెప్పినట్టు వినక కొన్నాళ్లు పరుగు మందగించడం కూడా మామూలే.

‘మన ఒంట్లో లేదు’ అన్న మాట వింటే మాత్రం నాకు ఓర్పు నిలవదు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2022లో 13.23 సెకన్లతో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఇరవయ్యేళ్ల నాటి జాతీయ రికార్డు బద్దలుకొట్టింది. మరుసటి ఏడు అదే పరుగు 12.78లో ముగించింది. ఆ ఏడాదిలో ఆమె పుట్టుక మారలేదు, శిక్షణ ఫలించింది. తెలుగు ఒంట్లో వేగం లేదనేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోవాలి.

ఒకటి ఒప్పుకోక తప్పదు. పైవేగానికి, అంటే ఒక మనిషి కాళ్లు అందుకోగల గరిష్ఠానికి, పుట్టుక హద్దు గీస్తుంది. ఏ కోచ్ కూడా 4.7 పిల్లవాణ్ణి 4.3 చేయలేడు. అలా చేస్తానని డబ్బడిగేవాడి దగ్గరికి వెళ్లకండి. వేగం ఆటనే మార్చేసిన సందర్భాలూ ఉన్నాయి. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల స్వర్ణం గెలిచిన బాబ్ హేస్ మరుసటి ఏడాది డాలస్ కౌబాయ్స్‌కి 1,003 గజాలు, 12 టచ్‌డౌన్లు తెచ్చాడు. ఒక్కడితో ఒక్కడు పరిగెత్తి అతన్ని ఆపలేమని తెలిసి ప్రత్యర్థులు మనిషికి బదులు మైదానంలో ఒక్కో భాగాన్ని కాపాడే జోన్ కవరేజ్‌ల మీద ఆధారపడాల్సి వచ్చింది. ఇప్పటి జట్లు కూడా లోతుకి దూసుకుపోయే ఒక్క మనిషి కోసం ఎంతైనా ఇస్తాయి, తప్పు పట్టలేం. అయితే హేస్ ఫ్లోరిడా ఏ అండ్ ఎం యూనివర్సిటీకి వెళ్లింది ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ మీద. పతకానికి ముందే అతను ఆటగాడు.

మిగతా నమ్మకాలకి ఇంత చోటు అక్కర్లేదు. బంతి పట్టే చేతులు పుట్టుకతో వస్తాయంటారు. జెర్రీ రైస్ తాపీ పని చేసే తండ్రికి సాయంగా ఇటుకలు అందుకుంటూ చేతులు పదును చేసుకున్నాడు. బరువులెత్తితే ఎదుగుదల ఆగుతుందన్నది అబద్ధం, తెలిసినవాళ్ల కనుసన్నల్లో ఎత్తితే బలమే వస్తుంది. వసంతంలో ట్రాక్ జట్టులో చేరితే ఫుట్‌బాల్ పాడవుతుందన్నదీ తప్పే, చేరనివ్వండి. ఉమ్మి పంపితే ‘స్పీడ్ జీన్’ ఉందో లేదో చెబుతామనే పరీక్షలు కొనకండి. వాళ్లు చూసే ఏసీటీఎన్3 జన్యువు వేగంలోని తేడాలో చాలా చిన్న భాగాన్నే వివరిస్తుంది. ఆ కాగితం మీ పిల్లవాడికి దారి చూపదు, దిగులు మాత్రం పెడుతుంది.

ఆ డబ్బుతో వేరే పనులు చేయొచ్చు. అసలు చాలావాటికి డబ్బే అక్కర్లేదు. పరుగు సాధనలో పూర్తి వేగంతో కొన్ని పరుగులు, ప్రతి పరుగుకీ మధ్య ఊపిరి పూర్తిగా కుదుటపడేంత విశ్రాంతి ఉండాలి. అలసిన కాళ్లతో చుట్లు చుట్లు తిప్పితే వేగం పెరగదు, తొడ వెనక కండరం పట్టేస్తుంది. టెన్నిస్ బంతిని గ్యారేజ్ గోడకి కొట్టి ఒక్కో చేత్తో పట్టమనండి, చూపు బంతి మీద నుంచి చేతుల్లోకి వచ్చేదాకా కదలకూడదు. రూట్ వెళ్తున్నప్పుడు పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా వేసి చూపించండి. తల ఎక్కడ లేస్తోందో వాడికే కనబడుతుంది, మీరు చెప్పాల్సిన పనుండదు. క్యాంపుకి డబ్బు కట్టేముందు అక్కడి కోచ్‌ని నేరుగా అడగండి: గంటలో ఎంతసేపు గడియారం ముందు, ఎంతసేపు కార్నర్ ఎదురుగా? జవాబు నీళ్లు నమిలినట్టుంటే వెనక్కి వచ్చేయండి. ఎంపికల్లో అంకె చూసి పక్కన పెడుతున్నారనిపిస్తే మీరు గొడవపడకండి. పిల్లవాడినే కోచ్ దగ్గరికి వెళ్లి, “కార్నర్‌ని ఎదురుగా పెట్టి మూడు రూట్లు చూడండి సార్” అని అడగమనండి. చాలామంది కోచ్‌లు కాదనరు.